మెడ మేష్టారు

తూకం ముల్లు ఊగడం ఆగేదాకా ఆయన కళ్ళజోడు పైనుంచి చూస్తూ నిలబడ్డారు.

"పదమూడు వందల ఎనభై," అన్నారు.

డాక్టరమ్మ గోడకున్న నల్లపలక మీద ఆ అంకె వేసింది. ఆయన పళ్ళెంలోంచి కాలేయాన్ని రెండు చేతులతో ఎత్తి, నిద్రపోయిన పసిబిడ్డను పక్క మార్చినట్టు, కోసే చెక్క మీదికి మార్చారు. ముప్పై ఏళ్ళుగా అలాగే మారుస్తున్నారు. చచ్చినవాడికి నొప్పి తెలియదు కదా సార్ అని ఏటా కొత్తగా చేరినవాళ్ళలో ఒకరైనా అంటారు. "వాడికి తెలియదు. నీ చేతికి తెలియాలి," అంటారాయన.

పెద్దాసుపత్రి వెనుక, బట్టలుతికే షెడ్డుకీ జనరేటరుకీ మధ్య ఉన్న గది అది. మూడు రాతి బల్లలు. మూడోదాని తూము పూడుకుపోయి ఆరునెలలైంది. దాని మీద ఇప్పుడు రబ్బరు బూట్లు ఆరబెడుతున్నారు. బయటివాళ్ళు తొంగిచూడకుండా కిటికీలు మనిషి ఎత్తుకు పైన పెట్టారు. లోపలివాళ్ళకు వాటిలోంచి ఒక కరెంటు తీగ, దాని మీద వాలీ వాలని పిట్ట ఒకటి కనిపిస్తాయి. ఎంత కడిగినా పోని వాసన ఒకటుంది. కొత్తవాళ్ళకు అది ముక్కుకు తెలుస్తుంది. పాతవాళ్ళకు ఇంటికి వెళ్ళాక భార్య ముఖంలో తెలుస్తుంది.

మొదటి బల్ల దగ్గర కుట్టు బాబాయి పురిదారాన్ని సూదికి ఎక్కిస్తున్నాడు. కోసిన శవాలను తిరిగి కుట్టి, కడిగి, బంధువులకు చూపించేలా సర్దడం అతని పని. ఉద్యోగం పేరు కాయితంలో ఇంకేదో ఉంది గానీ అది అతనికే గుర్తులేదు. సూది బెజ్జం కనిపించని వయసు. అయినా కళ్ళజోడు పెట్టుకోడు.

"నా కుట్టు చూసి దర్జీలు సిగ్గుపడాలి, సారూ," అన్నాడు. "వాళ్ళ బట్ట ఉతికితే పిగులుద్ది. నాది పిగిలిందని ఒక్కడూ వెనక్కి రాలేదు."

డాక్టరమ్మ నవ్వింది. రెండో సంవత్సరం శిక్షణలో ఉన్న పిల్ల. చేతులు సన్నవి, గ్లౌజులు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే దొరుకుతాయి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకుంటుంది. మేష్టారు నవ్వలేదు. నవ్వకపోవడం కోపం కాదని అక్కడ అందరికీ తెలుసు.

ఆయనను మేష్టారు అనేది ముఖం మీద. వెనక మెడ మేష్టారు. శవాన్ని ఏ వరుసలో తెరవాలన్న దగ్గర ఆయనకు ఒక పట్టుదల ఉంది. ముందు తల, తర్వాత ఛాతీ, పొట్ట, మెడ మాత్రం ఆఖరున. ఎంత తొందరలో ఉన్నా, ఎవరు చెప్పినా అంతే. మేష్టారు చొక్కా గుండీలు కూడా కిందనుంచి పైకి పెట్టుకుంటారట, మెడ గుండీ ఆఖరున, అని విద్యార్థులు చెప్పుకుంటారు. ఆ మాట ఒకసారి ఆయన చెవిన పడింది. మర్నాడు చొక్కా వేసుకుంటూ చూసుకుంటే నిజమే.

ఈ చదువును ఆయన కోరుకోలేదు. కళ్ళ డాక్టరు కావాలనుకున్నారు. పై చదువులకు సీట్లు పంచే రోజున ఆయన వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. బల్ల వెనకున్న గుమాస్తా జాబితా మీద స్కేలు పెట్టి చూసి, "ఇదొక్కటే ఉంది, తీసుకుంటారా, వెనకాయన్ని పిలవనా?" అన్నాడు. తీసుకున్నారు. పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టే తండ్రి ఆ సంగతి విని, "బతికున్నవాళ్ళు దొరకలేదేరా నీకు?" అని ఒక్క మాట అన్నాడు. మరి ఆ విషయం ఎత్తలేదు. చుట్టాలెవరైనా అబ్బాయి ఏ డాక్టరని అడిగితే, గవర్నమెంటు డాక్టరు అనేవాడు.

మొదటి నెలంతా వాంతులు. ఆనాటి గురువుగారు భారీ మనిషి, గొంతు కూడా భారీ. ఒకరోజు ఈయన్ని పిలిచి, బల్ల మీదున్న ముసలామె చేతిని పట్టుకోమన్నారు. తాను భోంచేసి వచ్చేదాకా వదలొద్దన్నారు. గంటన్నర పట్టుకుని నిలబడ్డాక ఈయన చేతి వేడికి ఆ చెయ్యి వెచ్చబడింది. ఆ తర్వాత వాంతి కాలేదు. "శవం అబద్ధమాడదు," అనేవారు గురువుగారు. "ఎక్కడ అనుమానముంటే కత్తి ముందు అక్కడ పెట్టు." ఈ రెండు మాటలూ ఈయన భగవద్వాక్యంలా నమ్మారు. మొదటిది నిజమే. కానీ మనం తప్పుగా విన్నప్పుడు శవం కాదని కూడా అనదు. ఆ సంగతి గురువుగారు చెప్పలేదు. బహుశా ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

పది గంటలకు రెండో శవం వచ్చింది. అచ్చుయంత్రం దగ్గర పనిచేసే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో సిరా. అద్దె గదిలో నేల మీద బోర్లా పడి ఉన్నాడట. ముఖం, మెడ నల్లగా కమిలినట్టున్నాయి. గదిలో ఇతనితో పాటు ఉండే రెండోవాడితో ముందురోజు సాయంత్రం గొడవైందని ఇంటివాళ్ళు చెప్పారు. పోలీసు కాయితం తెచ్చిన హెడ్డు కానిస్టేబులు గుమ్మంలోనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రెండోవాడు స్టేషన్లో ఉన్నాడండీ," అన్నాడు. "నిద్రపోతున్నా, నాకేం తెలీదు అంటాడు. గొంతు సంగతి కాస్త చూడండి."

"అన్నీ చూస్తాం," అన్నారు మేష్టారు.

అప్పుడే ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నాలుగు నెలల్లో పదవీ విరమణ. దానికి సంబంధించిన కాయితాల మీద సంతకాలు ఇవాళే కావాలట. ఆయన గ్లౌజులు తీసి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వెళ్ళారు. ఆఫీసులో ఇరవై నిమిషాలు పట్టింది. సేవాకాలంలో మీ మీద ఏవైనా ఫిర్యాదులు, విచారణలు ఉన్నాయా అన్న గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. లేవు అని రాశారు. నిజమే కదా, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

తిరిగి గదిలోకి వచ్చారు. కుట్టు బాబాయి సూది పట్టుకుని కుట్టకుండా కూర్చున్నాడు. డాక్టరమ్మ రెండు చేతులూ గాలిలో పట్టుకుని బల్ల పక్కన నిలబడి ఉంది. శవం తల చెక్కుచెదరకుండా ఉంది. ఛాతీ తెరవలేదు. మెడ మాత్రం తెరిచి ఉంది.

"మెడొక్కటి చూసి నోటిమాటగా చెప్పమన్నారు సార్ ఆయన," అంది. "నేను... తొందరపడ్డాను."

హెడ్డు రుమాలు వెనకనుంచి, "అక్కడ వాణ్ణి పెట్టుకుని కూర్చున్నాం కదండీ," అన్నాడు.

మేష్టారు దగ్గరికి వచ్చి చూశారు. ఆహారనాళం వెనక, వెన్నుపూసల మీద, మూడు వేళ్ళ వెడల్పున నల్లటి రక్తం పరుచుకుని ఉంది. ఆ రంగూ, ఆ ఆకారమూ, ఆ చోటూ ఆయనకు తెలుసు. పదిహేనేళ్ళుగా కళ్ళు మూసుకుంటే కనిపించేది అదే.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగారు.

"రక్తం సార్. గొంతు నులిమినట్టే ఉంది."

"నులిమాడా?"

ఆమె బల్ల మీదికి వంగి మళ్ళీ చూసింది. "బోర్లా పడి ఉన్నాడు కాబట్టి రక్తమంతా తలలోకీ మెడలోకీ దిగి ఉంటుంది. ముందు తల, ఛాతీ తెరిస్తే అది కారిపోయేది. నేను నిండుగా ఉన్నప్పుడే కోశాను. నా కత్తి తగిలిన రక్తనాళాల్లోంచి కారి ఉండొచ్చు." తన గ్లౌజుల వైపు చూసుకుంది. "ఇది వాడు చేశాడో నేను చేశానో ఇప్పుడు చెప్పలేం సార్."

హెడ్డుకు ఇందులో సగమే అర్థమైంది. ఆ సగం అతనికి నచ్చలేదు.

మేష్టారు తిట్టలేదు. కొత్త గ్లౌజులు తొడుక్కున్నారు. ముందు తల, ఛాతీ తెరిచి, మిగిలిన రక్తం కారనిచ్చి, అప్పుడు మెడ కండరాలను ఉల్లిపొర తీసినట్టు ఒక్కొక్క పొరే విడదీశారు. పై పొరల్లో కమిలిన జాడ లేదు. చర్మం మీద గోటి గీత లేదు. ఎముక విరగలేదు. గుండె తెరిచాక జవాబు దొరికింది. ఎడమ రక్తనాళంలో, బియ్యపు గింజంత గడ్డ. మనిషి నిలుచున్నచోటే బోర్లా పడిపోయి ఉంటాడు.

"ఇంటికి పంపండి ఆ రెండోవాణ్ణి," అన్నారు. "అన్నం తిన్నాడో లేదో అడగండి ముందు."

డాక్టరమ్మ మూలనున్న బల్ల దగ్గర కూర్చుని నివేదిక రాసింది. రాసిందాన్ని ఆయన ముందు పెట్టింది. మెడ గురించిన భాగం చివర ఒక వాక్యం ఉంది. వరుస తప్పి ముందుగా మెడను తెరిచింది నేను, ఇక్కడ కనిపించిన రక్తం నా కోత వల్ల వచ్చి ఉండవచ్చు. కింద తన పేరు, సంతకం.

హెడ్డు ఆమె భుజం మీదుగా చదివాడు. "ఆ ఒక్క ముక్క లేకపోతే మీకే మంచిది కదా డాక్టరమ్మా. ఎవరడుగుతారు?"

"జరిగింది రాయకపోతే ఎలా అండీ?" అంది ఆమె.

తెగువ చూపిస్తున్నట్టు అనలేదు. నీళ్ళు ఒలికితే తుడవకపోతే ఎలా అన్నట్టు అంది. ఆ వాక్యం రాయడానికి ఆమెకు నిమిషం కూడా పట్టలేదు. మేష్టారు దాని కింద తన సంతకం పెట్టారు. పెట్టాక కూడా పెన్ను మూత పెట్టలేదు.

"సార్," అంది ఆమె హెడ్డు వెళ్ళాక. "మీరెప్పుడైనా ముందు మెడ తెరిచారా?"

ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. లేదు అని ఆయన ఏటా చెప్పే జవాబే. కుట్టు బాబాయి తలెత్తకుండా వింటున్నాడు.

"ఒకసారి," అన్నారు మేష్టారు.

బాబాయి చేతిలో సూది ఆగింది. అతనికి తెలుసు. ఆ రోజు ఆ శవాన్ని కుట్టింది అతనే.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. కుట్టుమిషన్లు బాగుచేసే ఒకతని భార్య తెల్లారేసరికి మంచం మీద బోర్లా, చలనం లేకుండా ఉంది. పక్కన పడుకున్నవాడు భర్త. నిద్రపోతున్నాను, నాకేం తెలీదు అన్నాడు. ఎక్కడ అనుమానముంటే కత్తి అక్కడ. మెడ తెరిచారు, నల్లటి రక్తం, మూడు వేళ్ళ వెడల్పు. చేతులతో గొంతు నొక్కడం వల్ల మరణం అని రాశారు. కోర్టులో ఆవిడకు చిన్నప్పటినుంచీ మూర్ఛలున్నాయని ఆడపడుచు చెప్పింది. మూర్ఛ వల్ల చనిపోయి ఉండవచ్చా అని వకీలు అడిగాడు. మూర్ఛ వల్ల మెడలో రక్తం రాదు అన్నారు ఈయన, గురువుగారి భారీ గొంతును కొంత అరువు తెచ్చుకుని. నాలుక అంచు మీద పంటిగాటు ఉందని ఆ నివేదికలోనే పదకొండో వరుసలో ఈయనే రాశారు. మూర్ఛకు ఉండే గుర్తే అది, దాని గురించి ఎవరూ అడగలేదు. భర్తకు యావజ్జీవం పడింది.

ఏడేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో జరిగిన శిక్షణ తరగతిలో ఒక ముసలి అధ్యాపకురాలు తెర మీద రెండు బొమ్మలు వేసింది. ఒకటి నిజంగా గొంతు నులిమిన మెడ. రెండోది డాక్టరు వరుస తప్పి కోసినందువల్ల రక్తం చేరిన మెడ. ఏది ఏదో చెప్పమంది. హాలులో సగంమంది చేతులు తప్పు బొమ్మకు లేచాయి. ఈయన చెయ్యి ఎత్తలేదు. రెండో బొమ్మ తనదే అనిపించింది. రైల్లో తిరిగి వస్తూ, ఏ స్టేషన్లోనూ దిగి నీళ్ళు తాగలేదు.

తెలియక చేసింది పాపం కాదంటారు పెద్దలు. తెలిశాక చెప్పకపోవడాన్ని ఏమంటారో ఏ పెద్దా చెప్పినట్టు లేదు. భార్యకు మాత్రం చెప్పారు. ఆమె దేవుడి ముందు చాలాసేపు కూర్చుని వచ్చి, "మీరు కావాలని చెయ్యలేదు కదా," అంది. ఆ మాటను దిండులా తలకింద పెట్టుకుని కొన్నేళ్ళు పడుకున్నారు. ఒక తప్పు ఒప్పుకుంటే, తాను రాసిన వేల నివేదికలనూ వకీళ్ళు తిరగదోడతారు, నిజంగా చంపినవాళ్ళు కూడా బయటికొస్తారు అని తనకు తాను చెప్పుకున్నారు. అది అబద్ధం కాదు. అలాగని జైల్లో ఉన్నవాడికి దానివల్ల ఒక్క రోజూ తగ్గలేదు. మెడ ఆఖరున అన్న నియమాన్ని పట్టుకున్నది అప్పటినుంచే. ఇంకెవరూ ఆ తప్పు చేయకుండా చూస్తే చాలదా అనుకున్నారు. పిల్లలు పేరు పెట్టి నవ్వుకున్నప్పుడల్లా, ఇది కూడా శిక్షలో భాగమేమో అనుకుని కొంత తృప్తిపడ్డారు కూడా. తానే శిక్ష వేసుకుంటే అది ఎప్పుడూ తన ఒళ్ళు ఓర్చుకునేంతే ఉంటుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. తలుపు వేసుకుని తెల్లకాయితం మీద రాశారు. ఫలానా కేసులో నేనిచ్చిన అభిప్రాయం తప్పు. ఆ మనిషి నేరం చేశాడనడానికి నా పరీక్షలో ఆధారమేదీ లేదు. ఆ రక్తం నా కత్తి వల్ల వచ్చింది. ఆమె మూర్ఛ వల్ల చనిపోయి ఉండే అవకాశం ఎక్కువ. పదిహేనేళ్ళ కిందటే నాకీ సంగతి తెలుసు. ఆరు వరుసలు. రెండు ప్రతులు రాశారు. ఒకటి కోర్టుకు. రెండోది అతనికి, చేతికి.

అతను విడుదలై ఎనిమిదేళ్ళయిందనీ, అక్క ఇంట్లో ఉంటున్నాడనీ ఆయనకు తెలుసు. ఆ వీధి మొగదాకా ఒకసారి వెళ్ళి, చెప్పుల షాపు ముందు కొంతసేపు నిలబడి, అవసరం లేని చెప్పులు కొనుక్కుని తిరిగొచ్చారు కూడా.

బయటికి వస్తుంటే కుట్టు బాబాయి గుమ్మం దగ్గర చేతులు తుడుచుకుంటున్నాడు. చొక్కా జేబులోని కాయితం అంచు చూశాడు.

"నేనూ రానా సారూ?"

"నువ్వేం చేశావు, రావడానికి?"

"కుట్టేశాను కదా," అన్నాడు బాబాయి.

"వద్దులే," అన్నారు మేష్టారు. బస్సులో రెండుసార్లు జేబు తడుముకున్నారు.

సన్నటి వీధి. పక్కపక్కనే రెండంతస్తుల ఇళ్ళు, మెట్లు బయటినుంచే. ఇనుప కడ్డీ పట్టుకుని ఎక్కారు. పైన చిన్న వసారా, లోపల రెండు గదులు. వసారాలో ఒక పెద్దావిడ మోడా మీద కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. ఒళ్ళో తెల్లచొక్కాలు గుట్టగా ఉన్నాయి. ఆమె తలెత్తి చూసి, దారాన్ని పంటితో తెంపింది.

"మిమ్మల్ని కోర్టులో చూశాను," అంది. "అప్పుడు జుట్టు నల్లగా ఉండేది."

ఆయన నిలబడే ఉన్నారు. "మీ తమ్ముడితో మాట్లాడాలి," అన్నారు.

ఆమె ఒళ్ళో చొక్కాలు పక్కకు తీసి, ఇంకో మోడా ముందుకు జరిపింది. "కూర్చోండి బాబూ. మెట్లెక్కి వచ్చారు."

కూర్చున్నారు.

"వాడు పోయి ఏడు నెలలైంది," అంది. "ఊపిరితిత్తులు. ఆస్పత్రికి రమ్మంటే రానన్నాడు. ఇక్కడే, తెల్లారగట్ట. ఎవరికీ ఇబ్బంది పెట్టలేదు."

కింద వీధిలో ఎవరో తోపుడుబండి మీద పాత సామాన్లు కొంటామని అరుచుకుంటూ పోయారు. మేష్టారు జేబులోంచి కాయితం తీశారు. మడత విప్పారు. ఎవరికివ్వాలో తెలియక మోకాలి మీద పెట్టుకున్నారు.

"ఆయన చెయ్యలేదు," అన్నారు. "నేను తప్పు రాశాను. ఆవిడ మూర్ఛ వల్లే పోయి ఉంటుంది. ఇందులో రాశాను, కోర్టుకు కూడా పంపుతున్నాను."

ఆమె కాయితం వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"నాకెందుకు చెప్తారు బాబూ," అంది. "నాకు తెలుసు. మా మరదలు మా మేనమామ కూతురే, దాని పెళ్ళికి ముందు దానికీ నాకూ ఒకటే దుప్పటి. ఎన్నిసార్లు ఆ మూర్ఛ చూళ్ళేదు. వాడు చెయ్యలేదని వీధిలోవాళ్ళకు కూడా తెలుసు. తెలియంది వాడొక్కడికే."

ఆయనకు అర్థం కాలేదు.

"మొదట రెండేళ్ళు నేను చెయ్యలేదక్కా అని ఏడ్చేవాడు. మూడో ఏడు చూడ్డానికి వెళ్తే ఏడవలేదు. అక్కా, పోలీసులంటే నన్ను కొట్టారు, వాళ్ళకు కోపం. వకీలుకు డబ్బు కావాలి. ఆ డాక్టరుకు నా ముఖం కూడా తెలీదు కదా, చదువుకున్నాయన, నాతో ఆయనకేం పగ? ఆయన అబద్ధం ఎందుకాడతాడు? అన్నాడు. మరి నేను చెయ్యలేదు, ఆయన అబద్ధమాడలేదు అంటే, నిద్దట్లో చేసుంటాను అన్నాడు. నా చేతులే చేసుంటాయి, నాకు తెలీకుండా." ఆమె ఇంకో చొక్కా ఒళ్ళోకి తీసుకుంది గానీ సూది గుచ్చలేదు. "ఎంత చెప్పినా వినలేదు. నువ్వు అక్కవి, అలాగే అంటావు అనేవాడు. డాక్టరు రాసిందే నమ్మాడు."

మేష్టారు మోకాలి మీది కాయితాన్ని మళ్ళీ మడిచారు. ముప్పై ఏళ్ళలో ఆయన మరణానికి కారణం రాయలేకపోయిన శవాలు చాలా ఉన్నాయి. వాటికి ఒక మాట ఉంది, కారణం తెలియరాలేదు అని. ఇక్కడ ఆ మాట కూడా దొరకదు.

"ఇంటికొచ్చాక లోపల పడుకోమంటే ఒప్పుకోలేదు," అందామె. "మా కోడలు పురుడు పోసుకుంది అప్పుడే, పసిదాన్ని లోపల పడుకోబెట్టేవాళ్ళం. చంటిపిల్ల ఉన్న ఇంట్లో నా చేతులు వదిలేసి పడుకోలేనక్కా అన్నాడు. అదిగో, ఆ మూల మంచం వేసుకున్నాడు. చేతులు మంచానికి కట్టుకుని పడుకునేవాడు, ఏడేళ్ళకు పైగానే. ఒక చెయ్యి వాడే కట్టుకునేవాడు. రెండోది కట్టుకోవడం రాదు కదా. నేను కట్టేదాన్ని."

లోపల గదిలో పిల్ల ఎవరో నిద్రలేచి నాయనమ్మా అని పిలిచింది. ఆమె చొక్కాలు మోడా మీద పెట్టి లేచింది. రెండడుగులు వేసి ఆగింది.

"ఆ కాయితం కోర్టుకు పంపండి," అంది. "వాడి పేరు మీద ఉన్నది చెరిపెయ్యండి. ఎవరికి పనికొస్తుందో నాకు తెలీదు. అయినా చెరిపెయ్యండి." తర్వాత, "మంచినీళ్ళు తెస్తాను, ఉండండి," అని లోపలికి వెళ్ళింది.

దేవుడు అన్నీ చూస్తాడని ఆయన భార్య నమ్మకం. చూస్తూ ఉంటే, రోజూ రాత్రి ఈ అక్క తమ్ముడి చెయ్యి కట్టడం కూడా చూసి ఉంటాడు. కట్టాక ఆమె ఎంతసేపు మేలుకుని ఉండేదో కూడా.

వసారా మూలలో ఇనుప మంచం ఒకటి గోడకు ఆనించి ఉంది. పరుపు తీసేశారు. వల మాత్రం మిగిలింది, మధ్యలో మనిషి బరువుకు కొంచెం కుంగి. మేష్టారు లేచి దగ్గరికి వెళ్ళారు. రెండు పక్కల పట్టీలకూ పాత దుప్పటి అంచు చింపి చేసిన గుడ్డ పేలికలు ఇంకా కట్టే ఉన్నాయి, రెండు వేళ్ళ వెడల్పు. మణికట్టు ఆనిన చోట నేత అరిగి, మెత్తబడి, నూనె పట్టినట్టు నిగనిగలాడుతోంది. కుడి పక్కదాని కొస మీద పంటిగాట్లున్నాయి, ఒకే చోట, మళ్ళీ మళ్ళీ పట్టి లాగినట్టు. ఎడమ పక్కదాని ముడి మాత్రం వదులు ముడి, కొస లాగితే చాలు ఊడివచ్చేటట్టు కట్టింది, అతను ఒక్క రాత్రీ లాగనిది.